ఒక ఫోను, ముగ్గురు పిలకాయలు

మొన్న ఆదివారం పొద్దున దోశలు పోస్తుంటే మా చిన్నోడు వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఫోనియ్యి, హోంవర్కు చేసుకోవాల" అన్నాడు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు రెండు భయాలు. ఇస్తే చదవడేమోనని ఒకటి. ఇవ్వకపోతే నిజంగానే చదువు పోతుందేమోనని రెండోది. మొదటి భయం మీ అందరి ఇళ్లలోనూ ఉండేదే. రెండోదాని వెనక మాత్రం ఒక కథ ఉంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. ఈ రోజు చెప్తాను.

"ఏం హోంవర్కురా?" అంటే, "మా ఊరి గురించి నెట్టులో చూసి ఒక పేజీ రాసుకురమ్మన్నారు సోషల్ సారు" అన్నాడు. సరే, చేతులు తుడుచుకుని ఫోనిచ్చాను. నాలుగో దోశ పెనం మీద నుంచి దిగేలోపే పేజీ నిండిపోయింది. కొడవలూరు ఏ జిల్లాలో ఉంది, 2011 లెక్కల్లో జనాభా ఎంత, ఆడవాళ్లెంతమంది, మగవాళ్లెంతమంది, పిన్‌కోడు ఎంత... అన్నీ ఉన్నాయి. గడప దగ్గర కూర్చుని వింటున్న మా అత్తమ్మ, "అదంతా బాగానే ఉండాదిరా అబ్బయా, ఇందులో మనూరు యాడుండాది?" అంది. వాడికి కోపమొచ్చింది. నాకు మాత్రం 2020 గుర్తొచ్చింది.

ఆ మార్చిలో బళ్లు మూసేశారు. అప్పుడు మా పాప ఎనిమిదో తరగతి, ప్రైవేటు బడి. చిన్నోడింకా చిన్న తరగతి. పక్కింటి పిల్ల కూడా ఎనిమిదే, సర్కారు బడి. వాళ్లమ్మ కూలికి పోతుంది, నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా. మా ఇద్దరిళ్లకూ మధ్య ఒక గోడ, ఆ గోడకొక చిన్న గేటు. ఆ పిల్ల నన్ను అత్తా అనే పిలుస్తుంది. పిలకాయలిద్దరూ చిన్నప్పటి నుంచీ జట్టు.

జూన్ నాటికి మా పాపకు ఫోన్లో క్లాసులు మొదలయ్యాయి. నలభై నిమిషాలు కాగానే లింకు తెగిపోవడం, మళ్లీ ఇంకో లింకు పంపడం, అందులోకి పోయేసరికి సగం పాఠం అయిపోవడం. మీకూ గుర్తుండే ఉంటుంది. ఇంట్లో నెట్టు ఉన్న ఫోను ఒక్కటే. మా ఆయన పొలం పనుల మీద బయటికి పోయేటప్పుడు మామూలు బటన్ల ఫోను తీసుకుపోయేవాడు.

సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. ఏప్రిల్‌లో పదో తరగతి వాళ్లకు 'విద్యామృతం' అని మొదలుపెట్టారు, జూన్ నుంచి చిన్న తరగతులకు కూడా 'విద్యావారధి' అని వచ్చింది. మంచి టీచర్లు, బాగానే చెప్పేవాళ్లు. కానీ టీవీ పాఠం గడియారం ప్రకారం నడుస్తుంది. కరెంటు పోయినా ఆగదు, అమ్మ నీళ్లకు పిలిచినా ఆగదు. అర్థం కాలేదని చెయ్యెత్తితే చూసేవాళ్లుండరు. అందుకని వాళ్ల లెక్కల సారు వాట్సాప్‌లో కూడా పాఠాలు పంపుతానన్నాడట. ఆ పిల్ల ఇంట్లో అలాంటి ఫోను లేదు. నేనే పిలిచి చెప్పాను, "పన్నెండు తర్వాత పాప క్లాసు అయిపోతాది, ఒక గంట ఫోను నువ్వు చూసుకోమ్మే" అని.

నెలరోజులు అలా నడిచింది. పన్నెండు కొట్టేసరికి గేటు చప్పుడయ్యేది. వరండా మెట్టు మీద కూర్చుని, నోటుబుక్కు మోకాళ్ల మీద పెట్టుకుని, వీడియో ఆపి ఆపి రాసుకునేది. ఏదన్నా అడగాలంటే మా పాపను అడిగేది. పాపకు తెలియకపోతే ఇద్దరూ కలిసి ఇంకో వీడియో వెతికేవాళ్లు.

జులైలో మా జిల్లాలో కరోనా కేసులు పెరిగాయి. రెండు వీధుల అవతల ఒకాయనకు వచ్చిందని తెలిసింది. అత్తమ్మకు షుగరు. మా ఆయన గట్టిగా చెప్పాడు, ఎవర్నీ లోపలికి రానీయొద్దని. ఆ రోజు పన్నెండింటికి గేటు చప్పుడైతే నేనే ఎదురెళ్లాను. "కొన్నాళ్లు రావొద్దమ్మే, అవ్వకు బాగాలేదు గదా" అన్నాను. "సరేలే అత్తా" అని నోటుబుక్కు గుండెలకు పెట్టుకుని వెనక్కి పోయింది.

భయంతో చేసిన పని అది. దాన్ని నేను తప్పనను. తప్పు ఆ తర్వాత జరిగింది. కొన్నాళ్లు గడిచాయి. కేసులు తగ్గాయి. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బళ్లు తెరిచారు. నేను మాత్రం గేటు తీసి ఆ పిల్లను పిలవలేదు. మా పాపకు క్లాసులు ఎక్కువయ్యాయి, రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీ మధ్యాహ్నానికే అయిపోయేది, చిన్నోడు కూడా ఫోను కోసం ఏడ్చేవాడు. ఆ పిల్ల రాకపోవడం నాకు సుఖంగానే ఉండింది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజం అదే.

ఆ రోజుల్లో ఆ పిల్ల వాళ్లమ్మతో నాట్లకు పోయేది. మధ్యాహ్నం తలమీద తువ్వాలతో, కాళ్లకు బురదతో గోడ పక్కనుంచి పోతుంటే, వరండాలో ఫోను ముందు కూర్చున్న మా పాప చెయ్యి ఊపేది. అది కూడా ఊపేది. నేను వంటింట్లోకి పోయేదాన్ని.

2021 ఏప్రిల్లో బళ్లు మళ్లీ మూశారు. ఆగస్టు 16న మళ్లీ తెరిచారు. పిల్లలిద్దరూ పదో తరగతికి వచ్చేశారు. కాస్త గాడిన పడ్డారనుకుంటే నవంబరులో పెన్నకు వరద. పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. నెల్లూరు మనకు కూతవేటు దూరమనుకుంటాం గదా, ఆ రోజుల్లో అది వేరే దేశమైపోయింది. కరెంటు లేక ఫోన్లన్నీ చచ్చిపోయాయి. ఆ చీకట్లో దీపం వెలిగించుకుని పుస్తకం చదువుకున్న పిల్లే చదువుకుంది. నెట్టు మీద మొత్తం భారం పెట్టకూడదని అప్పుడు తెలిసింది.

2022 ఏప్రిల్, మే నెలల్లో పదో తరగతి పరీక్షలు. అంతకు ముందు రెండేళ్లు పరీక్షల్లేకుండానే అందరూ పాసు. జూన్ 6న ఫలితాలు వస్తే రాష్ట్రమంతా గగ్గోలు. 2019లో తొంభై నాలుగు శాతం పైగా పాసైతే, ఈసారి 67.26 శాతం. రెండు లక్షల పైచిలుకు పిల్లలు ఫెయిలు. టీవీల్లో నాయకులు ఒకర్నొకరు తిట్టుకున్నారు. నాకు ఆ రెండు లక్షల్లో ఒక్క ముఖమే కనబడింది. పక్కింటి పిల్లకు లెక్కలు పోయాయి. మా పాప పాసైంది.

రెండు రోజులకు వాళ్లమ్మ గోడ దగ్గరకొచ్చింది. "ఇంక చాల్లే అక్కా. అల్లూరు పక్క నుంచి సంబంధం వచ్చుండాది. పిల్లోడు మంచోడే" అంది. ఆ పిల్లకు పదహారు కూడా నిండలేదు. నేనేం మాట్లాడానో నాకే తెలియదు. "నెల్లాళ్లు ఆగు. జులైలో మళ్లీ పరీక్ష పెడతారు. అది కూడా పోతే నీ ఇష్టం. పిల్లను రేపటి నుంచి నా దగ్గరికి పంపు" అన్నాను. ఆయమ్మ నా ముఖం కాసేపు చూసి, "సరే" అంది.

మర్నాడు సందేళ గేటు చప్పుడైంది. రెండేళ్ల తర్వాత.

నేను చదివింది ఇంటరు. త్రికోణమితి నాకే గుర్తులేదు. అందుకని యూట్యూబులో తెలుగులో చెప్పే ఒక సారు వీడియో పెట్టాను. ఎంత చక్కగా చెప్పాడో! ఆ పిల్ల తలూపుతూ చూసింది. "అర్థమైందా?" అంటే "అయింది అత్తా". ఒక లెక్క ఇస్తే పెన్ను కదల్లేదు. ఇంకో వీడియో. మళ్లీ అదే. మూడు రోజులు అలాగే పోయాయి. నాకు విసుగొచ్చింది, దానికి ఏడుపొచ్చింది.

నాలుగో రోజు ఒక లెక్క మధ్యలో సగం, మూడో వంతు కలపాల్సి వచ్చింది. అది ఐదింట రెండు అని రాసింది. పైవి రెండూ కూడింది, కిందవి రెండూ కూడింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు. దీనికి రానిది త్రికోణమితి కాదు, భిన్నాలు. అది ఆగిపోయిన చోటు ఎక్కడో వెనక ఉంటే, నేను పదో తరగతి వీడియోలు చూపిస్తున్నాను.

ఒక దోశ తెచ్చి ఆరు ముక్కలు చేశాను. "ఇందులో సగం తియ్యి" అంటే మూడు తీసింది. "మూడో వంతు తియ్యి" అంటే కాస్త ఆలోచించి రెండు తీసింది. "మొత్తం ఎన్ని?" "అయిదు." "ఆరింట అయిదు గదా? మరి నువ్వు రాసిన ఐదింట రెండు సగం కన్నా తక్కువమ్మే. సగం దోశకు ఇంకా కలిపితే సగం కన్నా ఎట్టా తగ్గిపోతాది?" కళ్లు పెద్దవి చేసి చూసింది. తర్వాత నవ్వింది. ఆ ముక్కలు ఇద్దరూ పంచుకుని తినేశారు.

ఆ రాత్రి చిన్నోడి అయిదో తరగతి లెక్కల పుస్తకం తీశాము. ఇప్పటి సర్కారు పుస్తకాలు చూశారా? ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే తెలుగు. పాఠం దగ్గర నలుపూ తెలుపూ గళ్ల పెట్టె ఉంటుంది. దీక్ష యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. 2017 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం రోజు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు దాన్ని ప్రారంభించారు. మన జిల్లా మనిషే. అన్నేళ్లూ పుస్తకం మా ఇంట్లోనే ఉంది, ఆ పెట్టె ఎందుకో అడిగిన పాపాన పోలేదు.

అక్కడి నుంచి ముందుకొచ్చాము. భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి, బీజగణితం. మూడు నిమిషాల వీడియో చూడటం, ఫోను బోర్లా పెట్టడం, చూసింది తన మాటల్లో చెప్పడం, రెండు లెక్కలు చేయడం. చెప్పలేకపోతే మళ్లీ అదే వీడియో. మా పాప కూడా వచ్చి కూర్చునేది. కారణాంకాలు చెప్పబోయి, మధ్యలో ఆగి, "అమ్మా, నాకూ ఇది సరిగా రాదు" అంది. రెండేళ్లు ఫోన్లో క్లాసులు విని పాసైన పిల్ల. అంటే వినడం వేరు, రావడం వేరు.

జులైలో పరీక్ష రాసింది. నలభై రెండు మార్కులొచ్చాయి. గొప్ప మార్కులు కాదు. సంబంధం వాళ్లు వేరే పిల్లను చూసుకున్నారు. ఇప్పుడది నెల్లూరులో నర్సింగు చదువుతోంది.

అప్పటి నుంచీ నెట్టులో చదువంటే నేను చూసే చూపు మారింది. పూర్తిగా మంచిదనీ అనను, చెడ్డదనీ అనను. పక్కన మనిషి ఉన్నారా లేదా అని చూస్తాను.

చిన్నోడి సైన్సు టీచరమ్మ ఒకసారి తరగతిలో పెద్ద తెర మీద కరెంటు సర్క్యూట్లు చూపించింది. ఫెట్ అని ఒక సైటు. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది. భౌతికశాస్త్రంలో నోబెల్ తీసుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టాడు. అందులో కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు, ఒకసారి దించుకుంటే నెట్టు లేకపోయినా నడుస్తాయి. తెర మీద తీగ కలిపితే బల్బు వెలుగుతుంది, తప్పుగా కలిపితే మంట లేస్తుంది. ఆయమ్మ అంతటితో ఆపలేదు. మర్నాడు పాత టార్చి బల్బు, బ్యాటరీ, తీగముక్కలు తెమ్మంది. తెర మీద వెలిగిన బల్బు చేతిలో ఎందుకు వెలగలేదో కనుక్కోమంది. మావాడు తీగ మీది ప్లాస్టిక్కు గీకలేదు! ఆ పాఠం వాడు జన్మలో మర్చిపోడు.

ఇంకొక సంగతి. 2023 మార్చి 26, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి శ్రీహరికోట నుంచి రాకెట్టు వదిలారు. మబ్బు లేకపోతే మాకు మేడ మీద నుంచి దక్షిణం పక్క కనిపిస్తుంది. చిన్నోడు ఫోన్లో లైవు పెట్టుకుని నిలబడ్డాడు. దూరంగా నిప్పుచుక్క లేచింది. ఫోన్లో చూస్తే అప్పుడే పొగ లేస్తోంది! "అమ్మా, ఆకాశంలో ముందొచ్చి ఫోన్లో వెనక వస్తుండాదేంది?" అన్నాడు. లైవు అంటే అప్పటికప్పుడే అనుకుంటున్నాడు పాపం. బొమ్మ ఎక్కడెక్కడో తిరిగి రావాలని, అందుకు కాసేపు పడుతుందని వాడే అడిగి తెలుసుకున్నాడు. ఆ రాకెట్టులో పోయినవి ముప్పై ఆరు ఉపగ్రహాలు, వన్‌వెబ్ వాళ్లవి, ఇంటర్నెట్ కోసమే. ఆ ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడం బళ్లో అందరూ కలిసి చూశారు. సాయంత్రం ఆరు గంటల నాలుగు నిమిషాలకు చప్పట్లు కొట్టారట. ఇంట్లో ఒక్కడే చూసుంటే ఆ చప్పట్లు ఉండేవి కావు.

మా అత్తమ్మ దగ్గర ఇంకో పాఠముంది. ఆమె అక్షరాలు నేర్చుకుంది పెళ్లై పిల్లలు పుట్టాక, 1991లో, 'అక్షరదీపం' రాత్రి బడిలో. మన జిల్లా అంతా అప్పుడు ఆడవాళ్లు పలకలు పట్టుకున్నారు. ఆ పుస్తకంలో తాగుబోతు మొగుడున్న సీతమ్మ కథ ఉండేది. అది అన్ని ఊళ్లకూ ఒకటే పుస్తకం. కలిగిరి పక్క దూబగుంటలో ఆడవాళ్లు దాన్ని చదివి, మన కథ కూడా ఇదే గదా అని మాట్లాడుకుని, సారా దుకాణం మూయించారు. అక్కడి రోశమ్మ పేరు మీరందరూ వినే ఉంటారు. అది జిల్లా దాటి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా మీద నిషేధం వచ్చింది.

"మాకు ఒక లాంతరు, ఒక పుస్తకం. చదివింది కొంచెం, మాట్లాడుకుంది ఎక్కువ" అంటుంది అత్తమ్మ. మన పిల్లల చేతిలో ప్రపంచంలోని పుస్తకాలన్నీ ఉన్నాయి. మాట్లాడుకోవడమే తగ్గింది.

అందుకని మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. చదువు కోసం ఫోను చూస్తే వరండాలోనే చూడాలి, గదిలోకి తీసుకుపోకూడదు. చూశాక ఫోను బోర్లా పెట్టి నాకో అవ్వకో చెప్పాలి. నెట్టులో ఏది కనిపించినా "ఇది ఎవరు రాశారు?" అని అడగాలి. ఈ మధ్య ప్రశ్న వేస్తే జవాబు మొత్తం రాసిచ్చేవి కూడా వచ్చాయి గదా. వాటిని అడగొద్దనను. ముందు వాడి జవాబు కాగితం మీద ఉండాలి, తర్వాత అడిగి పోల్చుకోవచ్చు. ఇవేవీ ప్రతి రోజూ నడవవు. వారంలో నాలుగు రోజులు నడిస్తే చాలనుకుంటాను.

పోయిన సంక్రాంతికి పక్కింటి పిల్ల హాస్టలు నుంచి వచ్చింది. అరిసెలు వత్తుతుంటే పక్కన కూర్చుంది. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగేశాను. "ఆ రోజు గేటు దగ్గర నుంచి పంపించేశాను గదా, నీకు కోపం రాలేదా?" అది అరిసె వంక చూస్తూ, "ఆ రోజు రాలేదత్తా. అవ్వకు బాగాలేదన్నావు గదా. మళ్లీ ఎప్పుడు పిలుస్తావా అని చూస్తుండేదాన్ని. పన్నెండైతే గేటు వంక చూసేదాన్ని, పొలంలో ఉన్నా కూడా" అంది. నేనేమీ అనలేకపోయాను. నూనె కాగిపోతోందని అదే స్టవ్వు తగ్గించింది.

ఇక చిన్నోడి హోంవర్కు. మధ్యాహ్నం అవ్వ పక్కన కూర్చోబెట్టాను. మా పొలానికి నీళ్లు ఏ కాలవ నుంచి వస్తాయి, ఎడగారు పంట ఎప్పుడు వేస్తారు, మొలగొలుకుల బియ్యం వాసన ఎలా ఉండేది, రైలు స్టేషన్లో ఏ బండికి ఎవరెక్కేవాళ్లు, రొయ్యల గుంటలు వచ్చాక ఏం మారింది... అవ్వ చెప్తూ పోయింది, వాడు రాస్తూ పోయాడు. పేజీ కాస్తా నాలుగు పేజీలైంది. నెట్టులో తీసిన లెక్కలు కూడా ఉంచమన్నాను, అవీ కావాలి. "తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చట గదా అమ్మా, ఇవన్నీ అందులో పెట్టొచ్చా?" అన్నాడు. అవ్వ చెప్పిందని ఊరికే పెట్టేస్తే ఊరుకోరట, ఏ పుస్తకంలో ఉందో చూపించాలట. అది కూడా మంచిదే. సారుని అడగమన్నాను.

సోమవారం బడి నుంచి వచ్చి సంచి విసిరేసి, "సారు నా పేజీ చదివి, రేపు అందరూ మీ అవ్వల్ని అడిగి రాసుకురండి అన్నాడు. అందరూ నన్ను తిడుతుండారు" అన్నాడు. పన్నెండేళ్లుగా వాణ్ని చూస్తున్నాను. ముఖం చూస్తే తెలిసింది, తిట్లకు బాధపడే ముఖం కాదది.

మా గోడకున్న గేటు ఇప్పుడు మూయడం లేదు. గొళ్లెం కూడా తుప్పు పట్టింది. మా ఆయన కొత్తది వేయిస్తానంటే వద్దన్నాను.